కెమెరా ఎవరి సాక్షి?

పోలీసుల చొక్కాకి కెమెరా తగిలిస్తే దౌర్జన్యం దానంతటదే తగ్గిపోతుందనే మాట మన దగ్గర కూడా వినపడుతోంది. లాకప్‌లో ఎవరో చనిపోయినప్పుడు, ఎదురుకాల్పుల కథ ఒకటి పేపర్లో అచ్చయినప్పుడు మంచి మనసున్నవాళ్ళు చెప్పే పరిష్కారాల్లో ఇదొకటి. పోలీసు శాఖలు కూడా దీన్ని కాదనటం లేదు. కాదనకపోగా టెండర్లు పిలిచి మరీ కొంటున్నాయి. తన మీద నిఘా పెట్టే వస్తువును తానే ముచ్చటపడి కొనుక్కునే సంస్థను మనం ఎక్కడన్నా చూశామా? అసలు ఆ కెమెరా ఎవరి మీద నిఘా అనేది ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న.

బాడీ కెమెరాల మీద పెద్ద ఎత్తున ప్రయోగం జరిగిన దేశం అమెరికా. 2014 తర్వాత అక్కడి నగరాలు చాలావరకు వరసగా వాటిని కొన్నాయి. ఆ ప్రయోగం జరిగింది ప్రధానంగా నల్లజాతి ప్రజల ఒంటి మీద. కాబట్టి దాని ఫలితం ఏమిటో మనం వాళ్ళ అనుభవం నుంచే నేర్చుకోవాలి. కెమెరా వద్దని మేం అనటం లేదు. కెమెరా తనంతట తాను ఎవరి పక్షమూ మాట్లాడదని మాత్రమే మేం అంటున్నాం. దాని స్విచ్ ఎవరి చేతిలో వుంది, తీసిన బొమ్మ ఎవరి బీరువాలో వుంది, ఆ బొమ్మను చూసి ఇది న్యాయమో అన్యాయమో చెప్పేది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు లేకుండా కెమెరా అడగటమంటే పోలీసుల చేతికి ఇంకో లాఠీ ఇవ్వటమే అవుతుంది.

కాపలా కాసింది మొదట ప్రజలే

పోలీసులను కనిపెట్టి వుండాలనే ఆలోచన ప్రభుత్వాలకు పుట్టింది కాదు. 1966లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ కలిసి బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టినప్పుడు వాళ్ళు మొదట చేపట్టిన పనుల్లో ఒకటి పోలీసు బండ్ల వెనకాల తిరగటం. పోలీసులు ఒక నల్లవాణ్ణి రోడ్డు మీద ఆపితే వీళ్ళు కొంచెం దూరంలో నిలబడేవాళ్ళు. చేతిలో చట్టం పుస్తకం, భుజాన తుపాకీ. ఆ మనిషికి వున్న హక్కులేమిటో అందరికీ వినపడేట్టు చెప్పేవాళ్ళు. అప్పటి చట్టం ప్రకారం బహిరంగంగా తుపాకీ పట్టుకోవటం అక్కడ నేరం కాదు. 1967లో మల్ఫర్డ్ చట్టం తెచ్చి దాన్ని నేరం చేశారు. చూస్తున్నవాడి చేతిలో ఏమీ వుండకూడదన్నమాట.

1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్‌కు ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మన పాఠకులకు చెప్పక్కర్లేదు. అంతకు చాలా ముందే, 1946లో, డాక్టర్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డు బోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లజాతి ప్రజలు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న వినతిపత్రం ప్రతులు కావాలని అడిగారు. వాళ్ళ పోరాటాన్ని మనం చదవటం కొత్త సంగతేం కాదు.

తుపాకీ పోయాక ప్రజల చేతికి కెమెరా వచ్చింది. 1991 మార్చి 3 రాత్రి లాస్ ఏంజిలెస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి యువకుణ్ణి పోలీసులు లాఠీలతో బాదుతుంటే జార్జ్ హాలిడే అనే ప్లంబర్ తన ఇంటి బాల్కనీ నుంచి వీడియో తీశాడు. ప్రపంచమంతా చూసింది. ఇంత స్పష్టంగా కనపడుతుంటే శిక్ష పడకుండా ఎట్లా పోతుందనుకున్నారు. విచారణను తెల్లవాళ్ళు ఎక్కువగా వుండే సిమీ వ్యాలీకి మార్చారు. జ్యూరీలో ఒక్క నల్లవాడు లేడు. పోలీసుల తరఫు లాయర్లు ఆ వీడియోను దాచలేదు. దాన్నే ముక్కలు ముక్కలుగా ఆపి ఆపి చూపించారు. ఇక్కడ చెయ్యి కదిలింది, ఇక్కడ కాలు లేచింది, అందుకే ఈ దెబ్బ అని ఒక్కో దెబ్బకూ ఒక్కో కారణం చెప్పారు. 1992 ఏప్రిల్ 29న ఆ కోర్టు నలుగురు పోలీసుల్లో ఒక్కరికీ శిక్ష వెయ్యలేదు. ఆ సాయంత్రమే నగరం తగలబడింది. 50 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత 1993లో ఫెడరల్ కోర్టులో ఇద్దరికి శిక్ష పడింది. బొమ్మ వున్నంత మాత్రాన న్యాయం రాదనే పాఠం ముప్పై ఏళ్ళ కిందటే చెప్పబడింది.

2014 ఆగస్టు 9న మిస్సోరి రాష్ట్రం ఫెర్గుసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ళ నల్లజాతి కుర్రవాణ్ణి ఒక తెల్ల పోలీసు కాల్చి చంపాడు. ఆ ఘటనకు వీడియో లేదు. పోలీసు ఒకటి చెప్పాడు, చూసినవాళ్ళు కొందరు ఇంకోటి చెప్పారు. నెలల తరబడి జనం వీధుల్లో వున్నారు. వాళ్ళు అడిగినవి చాలా వున్నాయి. జరిమానాలతో నల్లవాళ్ళ జేబులు కొట్టే కోర్టుల సంగతి, పోలీసుల్లో నల్లవాళ్ళు లేని సంగతి, చంపిన పోలీసుకు శిక్ష పడని సంగతి. ప్రభుత్వానికి వీటన్నిటిలోకీ తేలికగా ఇవ్వగలిగింది కెమెరా. 2014 డిసెంబర్లో అధ్యక్షుడు ఒబామా 50 వేల కెమెరాల కోసం మూడేళ్ళకు 7.5 కోట్ల డాలర్లు ప్రతిపాదించాడు. 2016 నాటికి ఆ దేశంలోని పెద్ద పోలీసు శాఖల్లో 80 శాతం కెమెరాలు సంపాదించుకున్నాయి.

ఇందులో వ్యాపారం సంగతి కూడా చూడాలి. కరెంటు షాకిచ్చే టేజర్ తుపాకులు పోలీసులకు అమ్మే కంపెనీయే ఈ కెమెరాలు కూడా అమ్మింది. 2017లో తన పేరును టేజర్ నుంచి యాక్సాన్ అని మార్చుకొని, ఏడాదిపాటు కెమెరాలు ఊరికే ఇస్తామని అమెరికా పోలీసులకు ప్రకటించింది. కెమెరా ఊరికే ఇచ్చినా బొమ్మలు దాచే కంప్యూటర్ గోదాముకు ఆ తర్వాత ఏటేటా అద్దె కట్టాల్సిందే. కొట్టే వస్తువూ, కొట్టడాన్ని రికార్డు చేసే వస్తువూ ఒకే దుకాణంలో దొరుకుతున్నాయి.

రెండు ఊళ్ళు, రెండు లెక్కలు

కెమెరాతో దౌర్జన్యం తగ్గుతుందని చెప్పేవాళ్ళు ముందుగా చూపించేది కాలిఫోర్నియాలోని రియాల్టో అనే చిన్న పట్నం. 2012 ఫిబ్రవరి నుంచి ఏడాదిపాటు అక్కడ 54 మంది పోలీసులతో ప్రయోగం చేశారు. ఏ షిఫ్టులో కెమెరా వుండాలి, ఏ షిఫ్టులో వుండకూడదు అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. అంతకు ముందు సంవత్సరం 61 సార్లు బలప్రయోగం జరిగితే ఆ ఏడాది 25 సార్లకు తగ్గింది. ఫిర్యాదులు 24 నుంచి 3కు పడిపోయాయి. ఈ అంకెలు దేశమంతా తిరిగాయి.

తర్వాత రాజధాని వాషింగ్టన్‌లో ఇంకా పెద్ద ప్రయోగం జరిగింది. 2,224 మంది పోలీసులు. సగం మందికి కెమెరాలిచ్చి, సగం మందికి ఇవ్వకుండా పోల్చి చూశారు. 2017లో ఫలితాలు బయటపెట్టారు. బలప్రయోగంలో గానీ ఫిర్యాదుల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు.

ఈ రెండిట్లో ఏది నిజం అని విద్యార్థులు అడుగుతారు. రెండూ నిజమే. రియాల్టోలో ప్రయోగం నడిపించిన వాళ్ళలో ఆ ఊరి పోలీసు అధిపతే ఒకడు. తన కింది వాళ్ళు ఎట్లా ప్రవర్తిస్తున్నారో పట్టించుకునే అధికారి వున్న చిన్న పట్నం అది. పై అధికారి చూస్తాడని, చూసి అడుగుతాడని భయం వున్నచోట కెమెరా పనిచేస్తుంది. చూసేవాడూ అడిగేవాడూ లేనిచోట అది చొక్కాకి ఇంకో బొత్తాం. ఒక్కమాటలో చెప్పాలంటే, జవాబుదారీతనం ముందే వున్నచోట కెమెరా దానికి సాయపడుతుంది, లేనిచోట దాన్ని పుట్టించలేదు. అమెరికాలో ఇన్ని కెమెరాలు వచ్చినా పోలీసుల కాల్పుల్లో చనిపోయేవాళ్ళ సంఖ్య 2015 నుంచి ఏటా సుమారు వెయ్యి దగ్గరే వుంటూ వచ్చింది. జనాభా లెక్కన చూస్తే తెల్లవాళ్ళ కంటే రెండు రెట్లకు పైగా నల్లవాళ్ళు చనిపోతున్నారు.

స్విచ్ ఎవరిది? బీరువా తాళం ఎవరిది?

కెమెరా ఎట్లా పనిచేస్తుందో కొంచెం తెలుసుకోవాలి. చాలా రకాల్లో అది ఎప్పుడూ రికార్డు చెయ్యదు. పోలీసు మీట నొక్కితేనే మొదలవుతుంది. నొక్కటానికి ముందు అరనిమిషం బొమ్మ మాత్రం నిలవ వుంటుంది, మామూలుగా దానికి శబ్దం వుండదు. ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు ఆపాలి అనేది శాఖ రాసుకున్న నియమం. నియమం తప్పితే ఏమవుతుందన్నది ఆ శాఖ దయ.

2018 మార్చిలో కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో స్టీఫన్ క్లార్క్ అనే నల్లజాతి యువకుణ్ణి వాళ్ళ అవ్వ ఇంటి పెరట్లో ఇద్దరు పోలీసులు కాల్చి చంపారు. చేతిలో వున్నది సెల్‌ఫోన్. కాల్చిన కాసేపటికి ఆ పోలీసులు తమ కెమెరాల మైకులు నొక్కి శబ్దం ఆపేశారు. ఆ మౌనంలో ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ దొరకదు. 2020 జూన్ 1న లూయీవిల్‌లో పోలీసులు, నేషనల్ గార్డులు కాల్పులు జరిపినప్పుడు వీధిలో తిండి అమ్ముకొనే డేవిడ్ మెకాటీ చనిపోయాడు. కాల్చిన పోలీసుల కెమెరాలు నడవనేలేదు. ఆ రోజే పోలీసు అధిపతి ఉద్యోగం పోయింది గానీ కాల్చినవాళ్ళ కెమెరాల బొమ్మ మాత్రం లేదు.

ఇక బొమ్మ వున్నప్పుడు. షికాగోలో 2014 అక్టోబర్ 20న లక్వాన్ మెక్‌డొనాల్డ్ అనే 17 ఏళ్ళ కుర్రవాడి మీద ఒక పోలీసు 16 గుళ్ళు కాల్చాడు. కత్తి పట్టుకొని మీదికొచ్చాడని పోలీసులు రిపోర్టు రాశారు. పోలీసు బండిలోని కెమెరా మాత్రం వాడు పక్కకు నడిచిపోతున్నట్టు చూపించింది. ఆ బొమ్మ నగర పాలకుల చేతుల్లోనే వుంది. దావా కూడా వెయ్యకముందే కుటుంబానికి 50 లక్షల డాలర్లు ఇచ్చి ఒప్పందం చేసుకున్నారు. 13 నెలల తర్వాత, కోర్టు ఆదేశిస్తే గానీ, బొమ్మ ప్రజలు చూడలేదు. పోలీసు మీద హత్య కేసు పెట్టింది కూడా ఆ రోజే. 2018లో నేరం రుజువైంది. ఈ 13 నెలలూ నిజం లేక కాదు న్యాయం ఆగింది. నిజం బీరువాలో వుండబట్టి ఆగింది.

నార్త్ కరోలినా ఇంకో అడుగు ముందుకేసి దీన్ని చట్టమే చేసింది. పోలీసు కెమెరా బొమ్మ ప్రజా రికార్డు కాదు, కోర్టు ఆదేశం లేకుండా బయటికి ఇవ్వకూడదని 2016లో శాసనం చేశారు. 2021 ఏప్రిల్లో అక్కడ పోలీసు కాల్పుల్లో ఆండ్రూ బ్రౌన్ చనిపోయినప్పుడు కుటుంబానికి ముందుగా చూపించింది 20 సెకన్లు. బిడ్డ చావు చూడటానికి కూడా చావుకు కారణమైన వాళ్ళనే అడుక్కోవాలి.

చూసే కన్ను

బొమ్మ బయటికొచ్చింది, అందరూ చూశారు అనుకుందాం. అప్పుడైనా ఒకటే నిజం కనపడుతుందా?

బాడీ కెమెరా పోలీసు ఛాతీ మీద వుంటుంది. అది ఎదుటి మనిషిని చూస్తుంది, పోలీసును చూడదు. అతని ముఖం, అతని భంగిమ బొమ్మలో రావు. ఎదుటివాడు దగ్గరికొస్తే బొమ్మ నిండా వాడే, భయం పుట్టించేంత పెద్దగా. చూసేవాళ్ళు తెలియకుండానే పోలీసు చోట్లో నిలబడతారు. దీని మీద 2019లో అచ్చయిన ఒక పరిశోధనలో ఒకే ఘటనను బాడీ కెమెరాలో చూసినవాళ్ళు, బండి కెమెరాలో చూసినవాళ్ళ కంటే, పోలీసు కావాలని చేశాడని తక్కువగా అనుకున్నారని తేలింది.

పైగా అక్కడి చట్టం కూడా ఆ చోట్లోనే నిలబడమంటుంది. 1989లో గ్రాహం కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక కొలత పెట్టింది. బలప్రయోగం సబబా కాదా అనేది ఆ క్షణంలో అక్కడున్న సబబైన పోలీసు దృష్టితో చూడాలి, తర్వాత తీరిగ్గా కూర్చొని చూసే దృష్టితో కాదు. దెబ్బ తిన్నవాడి దృష్టి ఈ కొలతలో ఎక్కడా లేదు. 2007లో స్కాట్ వర్సెస్ హారిస్ అనే కేసులో అదే కోర్టు పోలీసులు ఒక కారును వెంటాడి గుద్దిన వీడియో చూసి, దీన్ని చూసిన ఎవరికైనా ప్రమాదం ఎవరి వల్లో తెలుస్తుందన్నది. ఎనిమిది మంది జడ్జీలు అటు, ఒక్కరు ఇటు. కొందరు పరిశోధకులు అదే వీడియోను 1,350 మంది అమెరికన్లకు చూపించారు. ఎక్కువమంది కోర్టుతో ఏకీభవించిన మాట నిజమే. కానీ నల్లవాళ్ళు, తక్కువ ఆదాయం వాళ్ళు ఎక్కువగా వేరేది చూశారు. పోలీసు చేతిలో దెబ్బలు తిన్న వీధిలో పుట్టినవాడి కన్నూ, పోలీసును కాపలాగా మాత్రమే చూసిన వీధిలో పుట్టినవాడి కన్నూ ఒకటి కావు. వీడియోను చూసే కుర్చీల్లో ఎవరు కూర్చున్నారన్న ప్రశ్న అందుకే.

2023 జనవరి 7న మెంఫిస్‌లో టైర్ నికల్స్‌ను కొట్టి చంపిన ఘటన ఈ విషయంలో కళ్ళు తెరిపిస్తుంది. పోలీసుల ఒంటి మీద కెమెరాలున్నాయి. కొడుతూనే, చేతులు ఇవ్వు, చేతులు ఇవ్వు అని అరిచారు. ఆ చేతులు అప్పటికే వాళ్ళ పట్టులో వున్నాయి. ఒంటి కెమెరాల్లో చీకటి, తోపులాట, అరుపులు మాత్రమే. వీధి స్తంభం మీది ఇంకో కెమెరా పై నుంచి మొత్తం చూపించింది. ఆ స్తంభం కెమెరా కూడా పోలీసు శాఖదే, అయితే కొడుతున్నవాళ్ళ చేతిలో దాని మీట లేదు. తేడా అక్కడ వచ్చింది. కొట్టిన అయిదుగురూ నల్లవాళ్ళే కావటం కొందరికి వింతగా తోచింది. ఖాకీ వేసుకున్న మనవాళ్ళను స్టేషన్లలో చూసిన మనకు అందులో వింత లేదు. ఉద్యోగం మారినంత మాత్రాన సంస్థ మారదు. 2025 మేలో ఆ అయిదుగురిలో ముగ్గురిని రాష్ట్ర కోర్టు జ్యూరీ నిర్దోషులని వదిలింది.

మినియాపొలిస్‌లో రెండు రకాల కెమెరాలు

జార్జ్ ఫ్లాయిడ్ కేసు గురించి అందరికీ తెలుసు. తెలియాల్సిన సంగతి ఒకటి మరుగున పడింది. 2020 మే 25న అక్కడున్న పోలీసులకు బాడీ కెమెరాలున్నాయి, అవి పనిచేస్తూనే వున్నాయి. ఆ రాత్రి పోలీసు శాఖ ఇచ్చిన ప్రకటనలో మోకాలి మాట లేదు, మెడ మాట లేదు. పోలీసులు ఒక మనిషిని పట్టుకున్నారు, అతనికి ఆరోగ్యం బాగాలేనట్టు కనపడింది, ఆసుపత్రిలో చనిపోయాడు, కెమెరాలు నడుస్తూనే వున్నాయి అని మాత్రమే వుంది. కెమెరా వుందని చెప్పటమే అబద్ధానికి ముద్ర వెయ్యటం అయింది.

ఆ ప్రకటన అట్లాగే చరిత్ర అయ్యేదే. కాకపోవటానికి కారణం కాలిబాట మీద నిలబడి ఫోన్‌తో తీసిన 17 ఏళ్ళ నల్లజాతి అమ్మాయి డార్నెల్లా ఫ్రేజియర్. తొమ్మిది నిమిషాలకు పైగా మెడ మీద నుంచి మోకాలు తియ్యకపోవటం లోకం చూసింది ఆమె ఫోన్‌లో. 2021లో ఆ పోలీసుకు ఇరవై రెండున్నర ఏళ్ళ శిక్ష పడింది. పోలీసు కెమెరాల బొమ్మలు కూడా విచారణలో పనికొచ్చాయి. కానీ వాటిని బీరువాలోంచి బయటికి లాగింది ఆమె వీడియో, ఆ వీడియో చూసి వీధిలోకి వచ్చిన జనం. 2015లో నార్త్ చార్ల్‌స్టన్‌లో వెన్ను చూపి పరిగెత్తుతున్న వాల్టర్ స్కాట్‌ను కాల్చిన పోలీసుకు 20 ఏళ్ళు పడిందన్నా అట్లాంటి దారిన పోయేవాడి ఫోన్ వల్లే.

సియాటిల్‌లో మరిచిపోయిన మీట

తెలుగువాళ్ళకు ఈ చర్చ దూరపు సంగతి కాదని చెప్పటానికి ఒక ఉదాహరణ చాలు. 2023 జనవరి 23న సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న ఆదోని విద్యార్థినిని పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 25 మైళ్ళు మించకూడని రోడ్డు మీద 74 మైళ్ళ వేగం. ఆ తర్వాత పోలీసు సంఘం నాయకుడొకడు తమ సంఘం అధ్యక్షుడితో ఫోన్లో నవ్వుతూ, ఆ ప్రాణం విలువ ఎంత, 11 వేల డాలర్ల చెక్కు రాస్తే సరి అన్నట్టు మాట్లాడాడు. అతని బాడీ కెమెరా నడుస్తూనే వుంది. శాఖలోని ఒక ఉద్యోగి మామూలు పనిలో భాగంగా విని పైకి చెప్పటంతో అది బయటపడింది. సెప్టెంబర్లో ప్రజలు విన్నారు. 2024లో అతని ఉద్యోగం పోయింది. కారు నడిపిన పోలీసు మీద క్రిమినల్ నేరం మోపటానికి ప్రాసిక్యూటర్ ఒప్పుకోలేదు.

ఇక్కడ కెమెరా పనిచేసింది గదా అంటారు. పనిచేసింది, ఆపటం మరిచిపోయాడు కాబట్టి. విన్న ఉద్యోగి నోరు మూసుకోలేదు కాబట్టి. ఆ బొమ్మలను ఎవరో ఒకరు వినాలనే ఏర్పాటు వుంది కాబట్టి. ఈ మూడోది మనం గుర్తు పెట్టుకోవాల్సిన మాట. నవ్వినందుకు ఉద్యోగం పోయింది, కానీ అంత వేగంగా నడిపి చంపినందుకు నేరం లేదన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి. కెమెరా మాటను పట్టిచ్చింది, చట్టం కొలతను మార్చలేదు.

మన దగ్గర రికార్డు రాసేదెవరు?

మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మేమే. ఫిర్యాదు కాగితం కింద వేలిముద్ర వేసి, అందులో రైటర్ ఏం రాశాడో తెలియకుండానే ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు మా వాడల్లో ప్రతి ఇంటా వున్నారు. తెల్లారి కౌంటర్ కేసు వాళ్ళ మీదే వుండేది. దళితులకు రికార్డుతో వున్న సంబంధం ఇది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికినప్పుడు పోలీసులు ఎక్కడో దూరాన లేరు, ఊళ్ళోనే వున్నారు. కళ్ళారా చూడగలిగిన రాజ్యం అక్కడే వుంది. అయినా 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. చూడటానికి మనిషి లేక కాదు ఇదంతా. చూసింది చెప్పాల్సిన అవసరం ఆ మనిషికి లేక.

2020 జూలైలో తూర్పు గోదావరి జిల్లా సీతానగరం పోలీస్ స్టేషన్లో దళిత యువకుడికి గుండు గీశారు. 2021 జూన్‌లో తెలంగాణలోని అడ్డగూడూరు స్టేషన్లో దొంగతనం నెపం మీద తెచ్చిన దళిత మహిళ చనిపోయింది. ఈ రెండూ నాలుగు గోడల మధ్య జరిగినవే. మన మీద బలప్రయోగం ఎక్కువగా జరిగేది అమెరికాలో లాగా రోడ్డు మీద కాదు, స్టేషన్లో. కాబట్టి మనకు చొక్కా కెమెరా కంటే ముందు స్టేషన్ కెమెరా ముఖ్యం.

దీని మీద చట్టం వుంది. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్లోనూ గేటు, లాకప్, వరండాలతో సహా అన్నిచోట్లా శబ్దం కూడా రికార్డయ్యే, చీకట్లో కూడా కనపడే కెమెరాలు పెట్టాలని చెప్పింది. బొమ్మలను 18 నెలలు దాచాలి, అది కుదరకపోతే ఏడాదికి తగ్గకూడదు. ఇక్కడ కెమెరాలున్నాయి, మానవ హక్కులకు భంగం కలిగితే ఆ బొమ్మను భద్రపరచమని అడిగే హక్కు మీకుంది అని స్థానిక భాషలో బోర్డు పెట్టాలి. ఈ బోర్డు మీ మండలం స్టేషన్లో వుందా? కార్యకర్తలు ఒకసారి వెళ్ళి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

ఆ తీర్పుకు కొద్ది నెలల ముందే, 2020 జూన్‌లో, తమిళనాడు సాత్తాన్‌కుళం స్టేషన్లో తండ్రీకొడుకులను కొట్టి చంపారు. విచారణకు వెళ్ళిన మేజిస్ట్రేటు అక్కడ కెమెరాలున్నట్టు చూశాడు. హార్డ్‌డిస్క్‌లో చోటు కూడా కావలసినంత వుంది. కానీ ఏ రోజు బొమ్మ ఆ రోజే చెరిగిపోయేట్టు అమర్చి పెట్టారు. అయిదేళ్ళ తర్వాత, 2025 సెప్టెంబర్లో, రాజస్థాన్‌లో ఏడెనిమిది నెలల్లో 11 మంది పోలీసు కస్టడీలో చనిపోయారన్న పత్రికా వార్త చూసి సుప్రీంకోర్టు తనంతట తానే మళ్ళీ కేసు చేపట్టింది. తీర్పు వచ్చింది, కెమెరా వచ్చింది, బొమ్మ మాత్రం అవసరమైనప్పుడు రాదు.

ఇంకోవైపు ప్రజల మీద చూపు మాత్రం ఎప్పుడూ ఆగదు. హైదరాబాదులో ‘నేను సైతం’ పేరుతో కాలనీల చందాలతోనే కెమెరాలు పెట్టించారు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభించిన కమాండ్ కంట్రోల్ సెంటర్లో వాటి బొమ్మలు చూస్తారు. వీధి వైపు తిరిగిన కెమెరా రాత్రీ పగలూ పనిచేస్తుంది. లాకప్ వైపు తిరిగిన కెమెరాకే ఎప్పుడూ జబ్బు.

ఏం అడగాలి?

మొదటిది, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఇప్పటికే వున్న హక్కు. 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన 15ఎ(10) సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింది నేరాలకు సంబంధించిన ప్రొసీడింగ్సన్నీ వీడియో రికార్డు చెయ్యాలి. ఇది పోలీసు ఇచ్చే దానం కాదు, పార్లమెంటు ఇచ్చిన హక్కు. ప్రతి అట్రాసిటీ కేసులోనూ రాతపూర్వకంగా అడగాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో వున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదాలను, స్వాధీనాలను వీడియో తియ్యాలని, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలని చెబుతోంది. మన వాడల్లో సోదా జరిగినప్పుడు ఆ వీడియో ఏదని మొదటి వాయిదాలోనే అడగాలి.

రెండోది, కాపీ. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఊరికే ఇవ్వాలని చట్టంలో వుంది. అది అడిగి తీసుకోవటం మనవాళ్ళు నేర్చుకోవటానికే తరాలు పట్టింది. బాడీ కెమెరా బొమ్మకూ అదే నియమం కావాలి. బాధితుడికి, అతని కుటుంబానికి గడువులోపల కాపీ ఇవ్వాలి. పోలీసు తన రిపోర్టు రాశాకే బొమ్మ చూడాలి. ముందు చూసి రాస్తే బొమ్మకు తగ్గట్టు కథ అల్లుతాడు.

మూడోది, తాళం. బొమ్మలు స్టేషన్ అధికారి దగ్గర కాకుండా కోర్టు అధీనంలో గానీ వేరే సంస్థ అధీనంలో గానీ వుండాలి. కెమెరా పెట్టకపోయినా, ఆపినా, బొమ్మ పోయినా, బాధితుడు చెప్పింది నిజమని ముందుగా అనుకొని విచారణ మొదలుపెట్టే నియమం కావాలి. రుజువు చేసే భారం బొమ్మ పోగొట్టినవాడి మీద పడాలి. ఈ ఒక్క నియమం లేకపోతే తక్కినవన్నీ కాగితమే. తీర్పు చెప్పిన పర్యవేక్షణ కమిటీల్లో దళిత స్త్రీలకు, పురుషులకు చోటుండాలి. చూసే కన్ను ఎవరిదన్న ప్రశ్నకు జవాబు అదే.

నాలుగోది, మన ఫోన్లు. స్టేషన్లో వీడియో తియ్యటం అధికార రహస్యాల చట్టం కింద నేరం కాదని 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పింది. కానీ తీసిన వీడియో కోర్టులో నిలబడాలంటే పద్ధతి వుంది. పాత సాక్ష్య చట్టంలో 65బి, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. కాబట్టి తీసిన ఫోన్‌ను అమ్మొద్దు, ఫైలును కత్తిరించొద్దు, వాట్సాప్‌లో తిరిగిన కాపీని నమ్ముకోవద్దు, తీసిన మనిషి పేరు, తేదీ, చోటు ఆ రోజే రాసి పెట్టుకోవాలి. అట్లాగే తీసినవాళ్ళను కాపాడుకోవాలి. న్యూయార్క్‌లో 2014లో ఎరిక్ గార్నర్ గొంతు నులమటాన్ని వీడియో తీసిన అతని స్నేహితుడు తర్వాత వేరే కేసుల్లో జైలుకెళ్ళాడు. గొంతు నులిమిన పోలీసు మీద మాత్రం గ్రాండ్ జ్యూరీ నేరం మోపలేదు.

చివరిగా ఇంకో మాట. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ కథ నమ్మదగింది కాదని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని సిర్పూర్కర్ కమిషన్ 2022లో చెప్పింది. అక్కడ కెమెరా వున్నా పూలు చల్లేవాళ్ళు చల్లేవాళ్ళే. ఎవరి ప్రాణం పోతే సమాజానికి నొప్పి కలుగుతుందనేది కెమెరా తేల్చలేదు, అది కులం తేలుస్తోంది. దాంతో పోరాటం ఎప్పటిలాగే మనుషులతో చెయ్యాలి. అప్పటిదాకా మన జిల్లాల్లో ఎన్ని స్టేషన్లలో కెమెరాలు నడుస్తున్నాయి, ఎన్నిట్లో ఆ బోర్డు వుంది, ఎన్ని అట్రాసిటీ కేసుల్లో వీడియో తీశారు అనే మూడు సంగతులను సమాచార హక్కు కింద అడిగి, వచ్చిన జవాబులను ఒకచోట చేర్చే పని విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ మిత్రులు మొదలుపెడితే, ఈ చర్చ టీవీల్లోంచి వాడల్లోకి వస్తుంది.